పాత కంప్యూటర్‌ను పారేసే ముందు

గత శీతాకాలంలో ఒకనాటి సాయంత్రం. మగ్రిబ్ నమాజు ముగించుకొని మేము ఇంటికి చేరేసరికి మా అమ్మాయి కంప్యూటర్ ముందు చేతులు కట్టుకొని కూర్చుని ఉంది. తెర మీద చిన్న వలయం ఒకటి తిరుగుతూనే ఉంది. “మీరు మస్జిదుకు బయలుదేరేటప్పుడు ఆన్ చేశాను అబ్బా! ఇంకా పరీక్ష పేజీ తెరుచుకోలేదు” అంది నీరసంగా.

ఆమె ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని. ఒకప్పటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్, తెలంగాణలో 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. కాగితం మీద లెక్కలు ఎంత బాగా చేసినా, తెర మీద ప్రశ్న చదివి, నిర్ణీత సమయంలో జవాబు గుర్తించే అలవాటు లేకపోతే పరీక్ష నాడు తడబాటు తప్పదు. అందుకోసం రోజూ ఒక నమూనా పరీక్ష రాయాలని ఆమె నియమం పెట్టుకుంది. ఆ నియమానికి మా పాత కంప్యూటరే అడ్డు తగులుతోంది.

అది 2013లో మా పెద్దబ్బాయి చదువు కోసం కొన్నది. అతను ఉద్యోగం రీత్యా వేరే ఊరు వెళ్లాక అది హాలులో ఒక మూలకు చేరింది. కొత్తది కొందామని మేము దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో విచారించాము. మాకు కావలసినది 42 వేల రూపాయలన్నారు. ఒకేసారి ఇవ్వలేకపోతే 12 వాయిదాలట, దాని మీద వడ్డీ. ఇంట్లో ఉన్నదల్లా అమ్మాయి కళాశాల ప్రవేశం కోసం రెండేళ్లుగా కూడబెట్టిన సొమ్ము. దానిని కదిలిస్తే జూన్‌లో ఇబ్బంది. వాయిదాలకు ఒప్పుకుంటే వడ్డీలో కాలు పెట్టడం. ఈ రెండింటి మధ్య మేము సతమతమవుతుండగా మా ఇంటావిడ ఒక మాట అన్నది: “మిక్సీ మొరాయిస్తే ముందు కార్బన్ బ్రష్‌లు చూపిస్తాం గదా! చూపించకుండానే కొత్త మిక్సీ కొంటామా?”

ఆ ప్రశ్న దగ్గరే మా ప్రయత్నం మొదలైంది. అందులో ఒక పొరపాటు చేశాము, కొంత నష్టపోయాము, చాలా నేర్చుకున్నాము. ఇలాంటి పాత కంప్యూటర్ ఇంట్లో ఉన్న పాఠకులకు ఉపయోగపడుతుందని ఆ అనుభవాన్ని ఇక్కడ పంచుకుంటున్నాము.

వంటగది గట్టు, సామాన్ల గది

కంప్యూటర్‌లో సమాచారం ఉండే చోట్లు ప్రధానంగా రెండు. ఫోటోలు, పాఠాలు, ప్రోగ్రాములు శాశ్వతంగా నిలవ ఉండేది హార్డ్ డిస్క్‌లో. అది మన సామాన్ల గది వంటిది. ప్రస్తుతం చేస్తున్న పనికి కావలసిన సమాచారం ఉండేది మెమరీలో, అంటే ర్యామ్‌లో. అది వంటగదిలోని గట్టు వంటిది.

పండుగనాడు బిర్యానీ వండాలంటే బియ్యం, మాంసం, ఉల్లిపాయలు, మసాలాలు అన్నీ గట్టు మీదకు రావాలి. గట్టు విశాలంగా ఉంటే అన్నీ చేతికి అందుతాయి. ఇరుకైనదైతే ఒకటి పెట్టడానికి ఇంకొకటి తీసి సామాన్ల గదిలో పెట్టి రావాలి, మళ్లీ అవసరమైతే వెళ్లి తెచ్చుకోవాలి. వంట చేసే మనిషి ఎంత చురుకైనదైనా సగం కాలం ఆ నడకకే సరిపోతుంది. ర్యామ్ చాలని కంప్యూటర్‌ది సరిగ్గా ఇదే అవస్థ. ర్యామ్ నిండినప్పుడల్లా కొంత సమాచారాన్ని హార్డ్ డిస్క్ మీదకు తోసి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. ర్యామ్‌తో పోలిస్తే హార్డ్ డిస్క్ వేగం ఎన్నో రెట్లు తక్కువ. తెర మీద వలయం తిరిగేది ఆ రాకపోకల కాలంలోనే.

నేటి ర్యామ్‌కు మూలమైన ఆలోచన అమెరికాలోని ఐబీఎం సంస్థలో పని చేసిన రాబర్ట్ డెన్నార్డ్‌ది. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ కలిస్తే ఒక బిట్‌ను దాచుకోవచ్చని ఆయన 1966లో కనుగొన్నారు, 1968లో పేటెంట్ పొందారు. 1970లో ఇంటెల్ సంస్థ అమ్మకానికి తెచ్చిన 1103 అనే చిప్‌లో 1,024 బిట్లు మాత్రమే పట్టేవి. నేటి 4 జీబీ ర్యామ్ ఒక్కదానిలో 3,435 కోట్లకు పైగా బిట్లు పడతాయి. ఆ కెపాసిటర్లలోని విద్యుదావేశం క్షణాల్లో కారిపోతుంది గనుక సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్ల లోపు ఒకసారి దానిని తిరిగి నింపుతూ ఉండాలి. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయేది అందుకే.

మందు కన్నా ముందు రోగ నిర్ధారణ

ప్రతి మందకొడితనానికీ ర్యామే కారణం కాదు. కనుక డబ్బు తీసే ముందు పరీక్ష చేసి చూడాలి. విండోస్ ఉన్న కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగంలో ప్రాసెసర్, మెమరీ, డిస్క్ ఒక్కొక్కటి ఎంత శాతం పనిలో ఉన్నాయో కనిపిస్తుంది. రోజూ చేసే పనినే చేస్తూ ఈ అంకెలను గమనించాలి.

మెమరీ 85, 90 శాతం దాటి అక్కడే నిలిచిపోతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. మెమరీ సగమే నిండి, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర తచ్చాడుతుంటే లోపం హార్డ్ డిస్క్‌లో వెతకాలి. రెండూ నిండుగా ఉంటే ముందు ర్యామ్‌నే అనుమానించాలి, ఎందుకంటే ఇందాక చెప్పిన రాకపోకల వల్లనే డిస్క్‌కు ఊపిరాడకపోవచ్చు. రెండూ ఖాళీగా ఉండి ప్రాసెసర్ ఒక్కటే 100 శాతం చూపిస్తుంటే ర్యామ్ పెంచినా ప్రయోజనం అంతంతమాత్రమే.

మా కంప్యూటర్‌లో మొత్తం ర్యామ్ 2 జీబీ. బ్రౌజర్‌లో పరీక్ష పేజీ ఒక్కటి తెరవగానే మెమరీ 91 శాతానికి చేరింది, డిస్క్ 100 దగ్గర ఆగింది. ప్రాసెసర్ మాత్రం 30, 40 మధ్య తీరికగా ఉంది. 2013లో 2 జీబీ చాలినంతే. ఈ పన్నెండేళ్లలో వెబ్ పేజీలే బరువెక్కాయి. యంత్రం ముసలిదవలేదు, దాని గట్టు మీద మోపే సామాను పెరిగింది.

అదే పేజీలో ఇంకో రెండు సంగతులు తెలుస్తాయి. ర్యామ్ పెట్టే స్లాట్లు ఎన్ని, వాటిలో నిండినవి ఎన్ని అన్నది ఒకటి. ప్రస్తుత ర్యామ్ వేగం రెండవది. మాకు “2లో 1” అని కనిపించింది. అంటే ఒక స్లాట్ ఖాళీగానే ఉందన్నమాట. పన్నెండేళ్లుగా ఆ సంగతి మాకు తెలియదు!

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పొరపాటు

దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ పేరు వినిపించని వీధి అరుదు. కోచింగ్ కేంద్రాలు, కోర్సులు నేర్పే సంస్థలు, హాస్టళ్లు, వాటిని ఆనుకొని అమ్మకం, మరమ్మతు దుకాణాలు. మెట్రో మెట్లు దిగగానే కరపత్రాలు చేతిలో పడతాయి. మేము వెళ్లిన మొదటి దుకాణంలో యువకుడు మా మాట పూర్తి కాకముందే, “పదేళ్లు దాటిందా సార్? ఇక దాని మీద పైసా పెట్టకండి, కొత్తది తీసుకోండి” అన్నాడు. పెట్టె విప్పమని మేము అడగలేదు, అతను విప్పలేదు.

రెండో చోట, “8 జీబీ ఉంది చాచా, 700 ఇవ్వండి” అన్నారు. డీడీఆర్3 రకమేనా అని అడిగాము, అవునన్నారు. 2 జీబీ ఉన్నచోటుకు 8 జీబీ, అదీ 700 రూపాయలకే! మేము ఇంకేమీ అడగకుండా కొనేశాము.

ఇంటికి తెచ్చి పెడితే స్లాట్‌లో చక్కగా కూర్చుంది. కాని మీట నొక్కితే తెర వెలగలేదు. లోపలి నుంచి పొడవైన బీప్ శబ్దాలు మాత్రం వినిపించాయి. దానిని తీసి పాతది పెడితే ఎప్పటిలాగే పని చేసింది. మర్నాడు తిరిగి వెళ్లి చెబితే, “మా సరుకు మంచిదే, అమ్మినది వెనక్కు తీసుకోము” అన్నారు. సరుకు మంచిదే, అందులో అబద్ధం లేదు. అయితే అది సర్వర్లలో వాడే ర్యామ్. పెద్ద సంస్థలు తమ పాత సర్వర్లను తీసివేసినప్పుడు ఇలాంటివి చవకగా మార్కెట్లోకి వస్తాయి. ఆకారంలో మామూలు డీడీఆర్3కు ఏమీ తీసిపోవు, అవే 240 పిన్నులు, అదే గాడి. కాని ఇంట్లో వాడే సాధారణ మదర్‌బోర్డు వాటితో పని చేయదు.

దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, లోపలి తడిని పైకి కనిపించకుండా ఉంచిన వర్తకుణ్ణి మందలించిన సంఘటన మనందరికీ తెలిసినదే. అమ్మేవాడు చెప్పవలసినది చెప్పలేదు, నిజమే. కాని చేయి పెట్టి చూడవలసిన చోట మేమూ చూడలేదు. ఆ 700 రూపాయలు మా అజాగ్రత్తకు మేము చెల్లించుకున్న రుసుము.

ఎల్‌బీ నగర్‌లో నేర్చుకున్న పాఠం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే మూడో స్టేషన్ ఎల్‌బీ నగర్. అమీర్‌పేట నుంచి అక్కడి దాకా మెట్రో 2018 సెప్టెంబర్ 24న ప్రారంభమైంది. నల్గొండ, సూర్యాపేట, విజయవాడ వైపు నుంచి వచ్చేవారికి నగరపు వాకిలి వంటిది ఆ కూడలి. అక్కడి సందులో పాత కంప్యూటర్లు బాగుచేసే ఒక పెద్దాయన గురించి మా తోటి నమాజీ ఒకరు చెప్పగా వెళ్లాము.

ఆయన ముందుగా అడిగిన ప్రశ్న: “మీ పాత ర్యామ్ వెంట తెచ్చారా?” తెచ్చాము. రెండో ప్రశ్న: “మదర్‌బోర్డు పేరు రాసుకొచ్చారా?” అదీ రాసుకున్నాము. ఇంటెల్ హెచ్61 రకం బోర్డు, ఐ3-3220 ప్రాసెసర్. ఆ బోర్డుకు రెండు స్లాట్లు, ఒక్కొక్క దానిలో 8 జీబీ వరకు, మొత్తం 16 జీబీ దాకా అవకాశముందని ఆయన చెప్పాడు. అటుపై మా 700 రూపాయల ర్యామ్‌ను చేతిలోకి తీసుకుని, మా అమ్మాయిని దగ్గరకు పిలిచి, “ఇది చదువమ్మా” అంటూ దాని మీది కాగితం చూపించాడు. ఆ పావుగంటలో ఆయన చెప్పినవి ఇవి.

మొదటిది, తరం. ఇళ్లలోని పాత కంప్యూటర్లలో ఎక్కువగా ఉండేవి మూడు తరాలు. డీడీఆర్2 ర్యామ్ 2003లోనూ, డీడీఆర్3 2007లోనూ, డీడీఆర్4 2014లోనూ మార్కెట్లోకి వచ్చాయి. తాజా తరం డీడీఆర్5. ఒక తరానిది మరో తరం స్లాట్‌లో పట్టదు. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే ఉన్నా అడుగున ఉండే గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులు, అక్కడా గాడి వేరు. బలవంతంగా నొక్కితే విరిగేది మన బోర్డే. కరెంటు అవసరం కూడా తరానికొక రీతి. డీడీఆర్2కు 1.8 వోల్టులు, డీడీఆర్3కు 1.5, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1 వోల్టులు.

రెండవది, వేగం. కాగితం మీద పీసీ3-10600 అని ఉంటే దాని వేగం 1333, పీసీ3-12800 అని ఉంటే 1600. 1600ను 8తో హెచ్చిస్తే 12,800 వస్తుంది. సెకనుకు అన్ని మెగాబైట్ల సమాచారం రవాణా చేయగలదని ఆ సంఖ్యకు అర్థం. వేర్వేరు వేగాల ర్యామ్‌లను జతపరిస్తే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి. వీలైనంత వరకు ఒకే రకం రెండు తీసుకోవడం మేలు. పరిమాణం కూడా సమానమైతే ప్రాసెసర్ రెండింటితోనూ ఏకకాలంలో పని చేయించుకుంటుంది.

మూడవది, చివరి అక్షరం. మేము మోసపోయింది ఇక్కడే. ఆ అంకెల తరువాత ‘యూ’ అని ఉంటే ఇళ్లలోని డెస్క్‌టాప్‌కు పనికి వచ్చేది. ‘ఆర్’ అని ఉంటే సర్వర్‌ది. ‘ఎస్’ అని ఉంటే ల్యాప్‌టాప్‌ది. ల్యాప్‌టాప్ ర్యామ్ ఎలాగూ పొట్టిగా ఉంటుంది గనుక చూడగానే తెలిసిపోతుంది. మా దాని మీద పీసీ3-12800 తరువాత స్పష్టంగా ‘ఆర్’ ఉంది! చిప్‌ల లెక్క కూడా గుర్తు పట్టిస్తుంది. మామూలు దానికి సాధారణంగా ఒక వైపు ఎనిమిది ఉంటాయి, సర్వర్ దానికి తొమ్మిది, నడుమ ఇంకో చిన్న చిప్ అదనం.

నాలుగవది, పీసీ3ఎల్ అనే గుర్తు. ఇది 1.35 వోల్టులతో నడిచే రకం. పాత డీడీఆర్3 డెస్క్‌టాప్‌లలోనూ సాధారణంగా పని చేస్తుంది. కాని 1.35 వోల్టులే కావాలనే ల్యాప్‌టాప్‌లలో మామూలు డీడీఆర్3 పెట్టకూడదు.

ఐదవది, ఒక హెచ్చరిక. కొన్ని చవక ర్యామ్‌ల మీద “ఏఎండీ బోర్డులకు మాత్రమే” అని ఉంటుంది. అవి ఇంటెల్ బోర్డులతో కుదరవు.

ఇన్ని చెప్పి, ఆయన 8 జీబీది ఒకటి కాకుండా 4 జీబీవి రెండు తీసుకోమని సలహా ఇచ్చాడు. పాత బోర్డులు కొన్ని రకాల 8 జీబీ డీడీఆర్3 చిప్‌లను గుర్తించవట. వాడినవే, రెండూ కలిపి 1,300 రూపాయలు. ఒక దాని పిన్నుల మీద సన్నని గీత ఉంది. మేము చూడక ముందే ఆయనే చూపించి, “ఇది పైపైది, పనికి అడ్డు రాదు. అయినా నెల రోజుల్లో ఇబ్బంది పెడితే మార్చి ఇస్తాను” అని రసీదు మీద రాసిచ్చాడు. మా ఎదుటే తన యంత్రంలో పెట్టి నడిపి చూపించాడు.

ఇంట్లో చేసుకోదగిన పని

అమర్చడం కష్టమేమీ కాదు. ఆ పని మా అమ్మాయే చేసింది, మేము పక్కన టార్చి పట్టుకున్నాము. ముందుగా కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు గోడ నుంచి తీసివేయాలి. ఆ తరువాత పవర్ మీటను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు ఖర్చైపోతుంది. మనలో అందరూ సీపీయూ అని పిలిచే ఆ పెట్టె పక్క రేకు విప్పి, లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకాలి. మన ఒంటి మీది స్థిర విద్యుత్తు అలా తొలగిపోతుంది. శీతాకాలంలో ఉన్ని దుస్తులతో ఈ పని చేయకపోవడం మంచిది.

స్లాట్ చివర ఉన్న కొక్కేలను బయటకు నొక్కితే పాత ర్యామ్ పైకి లేస్తుంది. కొత్తదానిని అంచులు పట్టుకునే ఎత్తాలి, బంగారు రంగు పిన్నులకు వేళ్లు తగలనీయకూడదు. గాడి, స్లాట్‌లోని గట్టు ఎదురెదురుగా వచ్చాక రెండు చివరలా సమానంగా అదమాలి. కొక్కేలు ‘టక్’ మని వాటంతటవే మూసుకోవాలి. మొదటిసారి మాకు తెర రాలేదు. గుండె గుభేలుమంది! చూస్తే ఒక చివర కొక్కెం సగమే మూసుకుంది. మరికాస్త అదమగానే సరిపోయింది. వాడిన ర్యామ్ అయితే పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి దులిపి పెట్టడం కూడా మంచిదే.

పని చేసిందని తృప్తిపడి ఊరుకోకూడదు. వాడిన ర్యామ్‌లో ఏదో ఒక మూల లోపముంటే అది వెంటనే బయటపడదు, ముఖ్యమైన పనిలో ఉండగా కంప్యూటర్ ఆగిపోయినప్పుడు తెలుస్తుంది. విండోస్‌లోనే మెమరీ డయాగ్నొస్టిక్ అనే పరీక్ష ఉంది. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రాము మరింత కఠినమైనది. దానిని పెన్ డ్రైవ్‌లో వేసుకుని రాత్రంతా నడిపాము. ఫజ్ర్‌కు లేచి చూస్తే తప్పుల లెక్క సున్నా.

8 జీబీ పెట్టినా 4 కూడా కనిపించకపోతే

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. మా పాత విండోస్ 32 బిట్ల రకం. 32 బిట్లతో లెక్కించగల చిరునామాలు సుమారు 429 కోట్లు, అంటే 4 జీబీ. అందులోనూ కొంత భాగం ఇతర పరికరాలకు పోతుంది. అందువల్ల 8 జీబీ పెట్టినా కంప్యూటర్ 3 జీబీ చిల్లరనే వాడుకుంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో అబౌట్ అనే పేజీ చూస్తే మనది 32 బిట్లదో, 64 బిట్లదో తెలుస్తుంది. 32 అయితే 64 బిట్ల వ్యవస్థను కొత్తగా ఎక్కించవలసిందే. అంతకు ముందు ఫోటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌లోకి నకలు తీసుకోవాలి.

మరి ఏ వ్యవస్థ ఎక్కించాలి? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా సహాయం 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. మాది మూడో తరం. దొడ్డిదారిన ఎక్కించేవారు ఉన్నారు గాని, దానికి సంస్థ పూచీ ఉండదు. అందువల్ల మేము లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకాన్ని ఎంచుకున్నాము. అది ఉచితం, దొంగ నకలు వాడుతున్నామన్న సంకోచం ఉండదు. దానికి కనీసం 2 జీబీ, సౌకర్యంగా ఉండాలంటే 4 జీబీ ర్యామ్ కావాలి. మాకు 8 ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ టైపు చేసుకోవచ్చు. మన హైదరాబాద్‌లోనే ‘స్వేచ్ఛ’ అనే సంస్థ లినక్స్‌ను తెలుగువారికి చేరువ చేయడానికి ఏళ్ల తరబడి కృషి చేస్తోంది.

అయితే ఒక మాట. ఇంట్లో ఎవరికైనా విండోస్‌లోనే నడిచే ప్రత్యేక ప్రోగ్రాము, లెక్కల పద్దుల సాఫ్ట్‌వేర్ వంటిది, అవసరమైతే లినక్స్‌కు మారే ముందు ఆలోచించాలి. మా అమ్మాయికి కావలసింది బ్రౌజర్, పీడీఎఫ్ పాఠాలు. వాటికి లోటు లేదు.

ఎక్కడ ఆగాలి

పాతదానిని కాపాడుకోవడం మంచిదే గాని, దానికీ హద్దు ఉంది. డీడీఆర్2 కాలపు కంప్యూటర్ మీద డబ్బు పెట్టడం సాధారణంగా దండగ, దాని ప్రాసెసరే నేటి పనులకు చాలదు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నా, కంప్యూటర్ కారణం లేకుండా ఆగిపోతున్నా ముందు ఆ జబ్బు తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ మార్చే వీలుందో లేదో చూసుకోవాలి. సన్నటి నమూనాలు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది.

ధర సంగతి కూడా తెలిసి ఉండాలి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా కేంద్రాలకు మెమరీ పెద్ద ఎత్తున తరలిపోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతటా పెరిగాయి. కనుక మేము చెప్పిన రేటే దొరుకుతుందని అనుకోకండి. రెండు మూడు చోట్ల విచారించండి. వాడిన సరుకు నచ్చకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. అక్కడ కంప్యూటర్ విడిభాగాల దుకాణాలు ఒకేచోట బారులుగా ఉంటాయి.

ర్యామ్ తరువాత మరో అడుగు వేయగలిగితే అది ఎస్ఎస్‌డీ. తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్క్ స్థానంలో దానిని పెడితే సామాన్ల గది వంటగది పక్కకే వచ్చినట్లవుతుంది. మేము దానిని వచ్చే సంవత్సరానికి వాయిదా వేశాము.

పెట్టెలో ఉన్నది మన అమానతు

ఇంకొక విషయాన్ని గృహస్థులకు ప్రత్యేకంగా విన్నవించుకుంటున్నాము. పాత కంప్యూటర్‌లో ఇంటి ఆడవారి ఫోటోలు, పెళ్లి వీడియోలు, ఆధార్, బ్యాంకు పత్రాలు ఉంటాయి. దుకాణంలో వదిలి రావలసివస్తే హార్డ్ డిస్క్ తీసి ఇంట్లో ఉంచుకుని మిగిలిన పెట్టెను ఇవ్వండి. ర్యామ్ మార్చడానికి హార్డ్ డిస్క్ అవసరమే లేదు. ర్యామ్ విషయంలో ఆ భయం లేదు, కరెంటు పోగానే అందులోని సమాచారం పోతుంది. కాని పాత హార్డ్ డిస్క్‌ను అమ్మేటప్పుడు ఫైళ్లను డిలీట్ చేస్తే సరిపోదు, పూర్తిగా తుడిచిపెట్టాలి.

పనికిరాని భాగాలను చెత్తబుట్టలో వేయకండి, తుక్కు బండికీ ఇవ్వకండి. వాటిని తగలబెట్టి లోహాలు తీసేవారి ఊపిరితిత్తుల్లోకి, ఆ వీధి పిల్లల ఊపిరితిత్తుల్లోకి ఆ పొగ పోతుంది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి. కొత్త కంప్యూటర్ కొనకుండా పాతదానిని మరో మూడు నాలుగేళ్లు వాడుకున్నా ఆ వ్యర్థాన్ని అన్నాళ్లు వాయిదా వేసినట్లే.

మా లెక్క

చివరగా మా ఖర్చు. ఎల్‌బీ నగర్‌లో 1,300, వృథా అయిన 700, మెట్రో చార్జీలు. కొత్తదానికి అడిగిన 42 వేలలో ఇది ఇరవయ్యో వంతు మాత్రమే. కంప్యూటర్ కొత్తదై పోయిందని చెప్పము. ఆన్ చేశాక సిద్ధం కావడానికి నేటికీ దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. కాని తెరుచుకున్నాక ఆగదు. పరీక్ష పేజీ, పాఠం, నోట్సు మూడూ ఒకేసారి తెరిచి ఉంచినా మెమరీ సగం దాటడం లేదు.

అమ్మాయి ఇప్పుడు రోజూ ఇషా తరువాత నమూనా పరీక్ష రాస్తోంది. కళాశాల ప్రవేశం సొమ్ము కదలకుండా ఉంది, వాయిదాల కాగితం మీద సంతకం పెట్టే అవసరం రాలేదు, అల్హమ్దులిల్లాహ్. ఆ సర్వర్ ర్యామ్ మాత్రం ఆమె బల్ల సొరుగులోనే ఉంది. మొన్న మా తమ్ముడు తన పాత కంప్యూటర్‌కు ర్యామ్ కొనాలని ఫోను చేస్తే ఆమె దానిని చేతిలోకి తీసుకుని చెబుతోంది: “బాబాయ్, ముందు టాస్క్ మేనేజర్ చూడండి. కొనేటప్పుడు మీ పాతది వెంట తీసుకెళ్లండి. కాగితం మీద చివరి అక్షరం చదవకుండా మాత్రం డబ్బులు ఇవ్వకండి.”